ఎర్ర వైనుకు జత ఏది?

ఈ మధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒక కొత్తరకం ప్రశ్న కనిపిస్తున్నది. వెనుక "మా ఆయన చేత తాగుడు మాన్పించడం ఎలా?" అని రాసేవారు. ఇప్పుడు "ఏ వైను ఆరోగ్యానికి మంచిది? దానితో ఏం తినాలి?" అని రాస్తున్నారు. కనిగిరి దగ్గర పల్లె నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చూడండి.

"డాక్టరు గారికి నమస్కారములు. నా వయస్సు 58. మిరప, కంది సాగు చేస్తాను. 8 ఏళ్ళుగా షుగరు ఉంది. రెండు పూటలా మాత్రలు వేసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులకు అప్పుడప్పుడు నొప్పి మాత్రలు వాడతాను. మా అబ్బాయికి పరదేశంలో ఉద్యోగం. మొన్న వస్తూ ఇటలీ దేశపు ఎర్ర వైను సీసా ఒకటి తెచ్చాడు. పేరు కియాంతి. రోజూ ఒక గ్లాసు తాగితే గుండెకు బలమని అంటున్నాడు. మా ఇంటి నాటుకోడి కూరతో తాగవచ్చునా? లేక దానికి వేరే ఆహారం ఉందా? నా పేరు ప్రచురించవద్దు."

ఈ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి రుచి గురించి, రెండవది ఆరోగ్యం గురించి. మొదటిదానికి జవాబు తెలిస్తే రెండవది సులభంగా అర్థమవుతుంది. అందుచేత రుచితోనే మొదలుపెడదాం.

వగరు ఎక్కడిది?

కియాంతి ఇటలీలోని టస్కనీ ప్రాంతపు వైను. ఫ్లారెన్సు, సియెనా నగరాల నడుమ ఉన్న కొండ నేలల్లో పుట్టింది. 1716లోనే ఆ ప్రాంతాన్ని ఏలిన మూడవ కోసిమో ఆ పేరుకు తగిన పొలాల హద్దులు ఏవో శాసనం చేశాడు. దీనికి ముఖ్యమైన ద్రాక్ష పేరు సాంజొవేసె. నల్లటి కాయ. దాన్ని పిండి రసం మాత్రమే తీసుకోరు. తొక్కలతో, గింజలతో సహా పులియబెడతారు. తొక్క నుంచి ఎర్ర రంగు వస్తుంది. తొక్క నుంచీ గింజ నుంచీ వగరు వస్తుంది. పండులో ఉన్న చక్కెర దాదాపు అంతా పులిసి ఆల్కహాలుగా మారిపోతుంది.

కనుక ద్రాక్షరసం లాగా తియ్యగా ఉంటుందనుకొని నోట్లో పోసుకున్నవారు మొహం చిట్లిస్తారు. తీపి ఉండదు. పులుపు ముందు తగులుతుంది, వగరు తర్వాత పట్టుకుంటుంది, చివర కొద్దిగా చేదు నిలుస్తుంది. వాసనలో పుల్లటి చెర్రీ పండు, ఎండుటాకులు గుర్తుకు వస్తాయని దాన్ని ఎరిగినవారు చెబుతారు. చెర్రీ పండు ఎరగని మనం ఇలా ఊహించుకోవచ్చు: నేరేడు పండును కాస్త తొందరపడి కోసుకు తిన్నట్టు, ఆ పైన పాలూ పంచదారా లేని టీ డికాక్షను గుక్కెడు తాగినట్టు.

ఈ వగరుకు కారణం టానిన్లు అనే పదార్థాలు. పచ్చి అరటికాయ, జామపిందె, కరక్కాయ, వక్క, చిక్కటి టీ, వీటన్నిటిలో ఉండేవి ఆ జాతివే. మన లాలాజలంలో నోటిని జిగురుగా, నున్నగా ఉంచే మాంసకృత్తులు ఉంటాయి. టానిన్లు వాటిని పట్టుకొని ముద్ద కట్టిస్తాయి. నున్నదనం పోయి నాలుక, బుగ్గలు గరుకుగా బిగిసినట్లవుతాయి. దానినే మనం "వగరు" అంటాం. తీపి, పులుపు నాలుకకు తెలిసే రుచులయితే, వగరు చాలావరకు స్పర్శ.

వాళ్ళు ఏం తింటారు?

ఈ సంగతి తెలిస్తే టస్కనీవాళ్ళు ఆ వైనుతో ఏం తింటారో, ఎందుకు తింటారో తెలిసిపోతుంది. నిప్పుల మీద కాల్చిన ఎముక మాంసం, అడవిపంది మాంసపు కూర, గొర్రెపాలతో చేసి నిలవబెట్టిన పెకొరీనో అనే జున్ను, టమాటా గుజ్జుతో చేసిన వంటకాలు, చిక్కుడు గింజలు, ఆకుకూరలు, రొట్టె ముక్కలు వేసి కాచిన చిక్కటి పులుసు. టస్కనీవాళ్ళను తక్కిన ఇటలీవాళ్ళు "చిక్కుడు గింజలు తినేవాళ్ళు" అని ఎగతాళి చేయడం కూడా ఉంది.

మాంసంలోనూ జున్నులోనూ మాంసకృత్తులు, కొవ్వు ఉంటాయి. టానిన్లు మన లాలాజలాన్ని వదిలి వాటిని పట్టుకుంటాయి. నోటిలో వగరు తగ్గుతుంది. ఉప్పు కూడా చేదును అణుస్తుంది. టమాటా పులుపు ముందు వైను పులుపు పులుపనిపించదు. మిఠాయితో తాగితే అదే వైను మరీ పుల్లగా, చేదుగా ఉంటుంది. ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే తీపి, లడ్డు తిని టీ తాగితే చప్పన. అటువంటిదే ఇది.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. చెట్టు నుంచి దించిన నీరాలో నూటికి 10 నుంచి 12 పాళ్ళు చక్కెర ఉంటుంది. కుండకు సున్నం రాయకపోతే గంటల్లోనే పులిసి కల్లవుతుంది, మర్నాటికి పుల్లబారి ముక్కు మూసుకోవలసి వస్తుంది. ఆ పులుపుకు ఉప్పు వేసిన శనగ గుగ్గిళ్ళు, కాల్చిన ఎండుచేప జత కలిపారు మన పాతవాళ్ళు. టస్కనీ వాడి జున్నుముక్కలో ఉన్న కిటుకే మనవాడి ఎండుచేపలోనూ ఉంది.

కాని ఒక్క తేడా గమనించండి. టస్కనీ ఇంట్లో భోజనం ముందు, వైను దాని పక్కన. మన దగ్గర తాగడం ముందు, భోజనం ఆఖరున; చాలాసార్లు భోజనమే ఉండదు. రుచి సంగతి ఎలా ఉన్నా, ఆరోగ్యం విషయంలో ఈ తేడాయే ప్రాణాల మీదికి తెస్తుంది. ఎలాగో ముందు చెబుతాను.

మన కారం ముందు

మరి నాటుకోడి కూర? మాంసం ఉంది, ఉప్పుంది, పులుపుంది. అన్నీ కుదిరినట్టే ఉంటుంది. కుదరనిది మన మిరపకాయ.

మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం నాలుక మీద వేడిని కనిపెట్టే నరాల కొసలను రెచ్చగొడుతుంది. అందుకే కారం "మండుతుంది". ఆల్కహాలు కూడా ఆ కొసల మీదనే పనిచేసి, మామూలు ఒంటి వేడికే అవి మంటను చూపేలా చేస్తుంది. రెండూ కలిస్తే మంట మీద మంట. వైనులోని పండు వాసన అడుగున పడిపోతుంది, వగరూ చేదూ పైకి తేలతాయి. మంట తగ్గుతుందని ఇంకో గుక్క, ఆపైన ఇంకో గుక్క తాగుతారు. అరగంటలో సీసా సగమవుతుంది.

కాప్సైసిన్ నీటిలో కరగదు. దాన్ని పట్టి కడిగేసేది పాలలో, మజ్జిగలో ఉండే కేసిన్ అనే మాంసకృత్తి. కారపు భోజనం చివర మనవాళ్ళు పెరుగన్నం పెట్టింది ఊరికే కాదు.

వైను ముట్టనివారికి కూడా పనికివచ్చే మాట ఒకటి. ఈ టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో, గింజల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు, గర్భిణులు అన్నం తినగానే చిక్కటి టీ తాగే అలవాటు ఉంటే మానాలి. గంట వ్యవధి ఇవ్వండి. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే, ఉసిరికాయ పచ్చడి వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది.

గుండెకు బలమా?

ఈ మాట ఎక్కడ పుట్టింది? ఫ్రాన్సు దేశస్థులు వెన్న, జున్ను, మాంసం బాగా తింటారు. అయినా వారిలో గుండెజబ్బులు తక్కువెందుకని వెనక ఒక ప్రశ్న వచ్చింది. 1991లో అమెరికా టెలివిజనులో దీన్ని గురించి ఒక కార్యక్రమం ప్రసారమయింది. అందులో కనిపించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సెర్జ్ రెనో 1992లో వైద్య పత్రికలో వ్యాసం రాశాడు. ఎర్ర వైనే కారణం కావచ్చునన్నాడు. ఆ "కావచ్చును" అన్న మాట జనం నోట పడి "అవును" అయింది.

తర్వాత పరిశీలించినవారు ఒక లోపం కనిపెట్టారు. "తాగనివారు" అని లెక్కలో రాసుకున్న వారిలో చాలామంది మొదటి నుంచీ తాగనివారు కారు, జబ్బుపడి మానేసినవారు. వారితో పోల్చితే రోజూ కొద్దిగా తాగే ఆరోగ్యవంతుడు గట్టివాడుగానే కనిపిస్తాడు. పైగా కొద్దికొద్దిగా భోజనంతో తాగేవారికి డబ్బు, మంచి తిండి, వైద్యం ఉన్నాయి. ఆ గొప్పను వైను తన ఖాతాలో వేసుకున్నది. తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ అనే పదార్థం గురించి కూడా గొప్పగా చెబుతారు. అది లీటరు వైనులో కొద్ది మిల్లీగ్రాములకు మించదు. మందుగా పనిచేసేంత కావాలంటే బకెట్లతో తాగాలి. గుండె బాగుపడే లోపల కాలేయం పాడవుతుంది.

ఇక రెండవ వైపు చూడండి. మద్య పానీయాలు మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తాయని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చి చెప్పింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవారిలో రొమ్ము, ఇన్నిచోట్ల ప్రమాదం. చుట్ట, సిగరెట్టు తోడయితే నోటి, గొంతు క్యాన్సర్ల ప్రమాదం కూడిక కాదు, హెచ్చవేతే. పొగాకు పండించే ప్రాంతం మనది. ఈ మాట చెవిన వేసుకోవాలి. ఆరోగ్యానికి హాని చేయని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఎర్ర వైనుకు అందులో మినహాయింపు లేదు.

సీసాలో లెక్క

"వైనే గదా, బ్రాందీ కాదు గదా" అంటారు. లెక్క వేద్దాం. 750 మిల్లీలీటర్ల వైను సీసాలో నూటికి 13 పాళ్ళు ఆల్కహాలు ఉందనుకోండి. తూకంలో అది దాదాపు 77 గ్రాములు. మన దుకాణాల్లో అమ్మే 180 మిల్లీలీటర్ల క్వార్టరు బ్రాందీలో దాదాపు 61 గ్రాములు. అంటే ఒక వైను సీసా ఒక క్వార్టరు కంటే ఎక్కువే. ఆ పైన చిన్న పెగ్గున్నర. 150 మిల్లీలీటర్ల గ్లాసు వైను 15 గ్రాములు. మన కాలేయం గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే ఖర్చు చేయగలదు. తొందర పెడితే వినదు. నిమ్మకాయ నీళ్ళు, మజ్జిగ, చన్నీళ్ళ స్నానం, ఏవీ దాన్ని పరుగెత్తించలేవు.

ఇటువంటి లెక్క మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు ఏకమై ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1970 దాకా కనిగిరి కూడా ఆ జిల్లాలోనిదే. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించారు. నిషేధం సడలింది గాని, ఆ రోజు వారు వేసిన లెక్క తప్పు కాలేదు.

మాత్రలతో జత

వైనుకు ఏ కూర జత అని అడిగేవారు నూటికొక్కరయితే, మాత్రలు వేసుకుంటూ తాగేవారు ఇంటికొక్కరు. ఈ జత గురించి అడగరు. కనుక నేనే చెబుతాను.

1. షుగరు మాత్రలు. తిండి లేనప్పుడు రక్తంలో చక్కెర పడిపోకుండా కాపాడేది కాలేయం. ఆల్కహాలు వస్తే కాలేయం ఆ పని వదిలి దీని వెంట పడుతుంది. గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి మాత్రలు వేసుకున్నవారు, ఇన్సులిన్ తీసుకునేవారు సాయంత్రం తాగి, అన్నం తినకుండా పడుకుంటే అర్ధరాత్రో తెల్లవారుజామునో చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, పిలిస్తే పలకడు. నోట్లో వాసన ఉంటుంది. ఇంట్లోవాళ్ళు "తాగి పడుకున్నాడులే, పొద్దునకు దిగుతుంది" అని దుప్పటి కప్పుతారు. పొద్దునకు మనిషి ఉండకపోవచ్చు, ఉన్నా మెదడు దెబ్బతినవచ్చు. షుగరు మనిషి తాగి మత్తుగా ఉంటే ముందు చక్కెర పడిందేమోనని అనుమానించండి. స్పృహ ఉండి మింగగలిగితే మూడు, నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, తేరుకోగానే అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

2. నొప్పి మాత్రలు. కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. నడుము బిగిసి, మోకాళ్ళు పట్టేసి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నెలల తరబడి మింగేవారు మన ఆస్పత్రికి వస్తూనే ఉంటారు. ఆ మాత్ర కడుపులోని పొరను పలచన చేస్తుంది. దానికి మద్యం తోడయితే పుండు పడి రక్తం కారుతుంది. మలం తారులాగా నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి రండి.

3. క్షయ మాత్రలు. ఇక్కడ మన కియాంతికి ఒక కథ ఉంది. 1950ల్లో క్షయకు ఇచ్చిన ఇప్రోనియాజిడ్ అనే మందు రోగుల మనస్సును హుషారు చేస్తున్నదని గమనించి, దాన్నీ ఆ జాతి మందులనూ మనోవ్యాధులకు వాడసాగారు. వాటిని వేసుకున్నవారు జున్ను తింటే తల పగిలిపోయేటంత రక్తపోటు వస్తున్నదని 1963లో లండనులో బారీ బ్లాక్‌వెల్ అనే డాక్టరు బయటపెట్టాడు. నిలవ జున్నులో ఉండే టైరమిన్ అనే పదార్థం దానికి కారణం. వద్దన్న పదార్థాల జాబితాలో జున్ను పక్కన కియాంతి పేరు చాలాకాలం ఉన్నది. జున్నుతో కియాంతి ఎంత రుచిగా కుదిరితేనేం, ఆ రోగులకు అది చేటు చేసే జత. మనం ఇప్పుడు క్షయకు వాడే ఐసోనియాజిడ్ ఆ మందుకు దగ్గరి చుట్టమే. అది వేసుకునేవారిలో కొందరికి జున్ను, ఎర్ర వైను, తాజాగా లేని కొన్ని చేపలు పడక మొహం ఎర్రబడి, గుండె దడ, తలనొప్పి వస్తాయి. అంతకంటె ముఖ్యం, క్షయ మందులూ మద్యమూ కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. చికిత్స ముగిసేదాకా చుక్క ముట్టరాదు.

4. విరేచనాలకు, పంటి చీముకు ఇచ్చే మెట్రోనిడజోల్, టినిడజోల్. ఇవి వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఇంకో మూడు రోజులూ మద్యం తగదు. వాంతులు, దడ రావచ్చు.

5. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు. మత్తు మీద మత్తు చేరి ఊపిరి మందగిస్తుంది. ఇది ప్రాణాంతకం.

ఏం చేయాలి?

తాగే అలవాటు లేనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టవద్దు. గుండెకు బలం కావాలంటే నడక, కూరలు, పప్పులు, ఉప్పు తగ్గించడం, చుట్ట మానడం చాలు. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు, బండి నడపవలసినవారు ముట్టనే వద్దు.

ఎంత చెప్పినా తాగేవారికి టస్కనీ పద్ధతిలో మంచి అంటూ ఏదైనా ఉంటే, అది తిండి ముందు ఉండటమే. ఖాళీ కడుపున తాగితే ఆల్కహాలు సూటిగా చిన్నపేగుకు దిగి అరగంట, గంటలో రక్తంలో పతాక స్థాయికి చేరుతుంది. పప్పు, గుడ్డు, మాంసం, అన్నం ముందుగా కడుపులో ఉంటే నెమ్మదిగా దిగుతుంది. మిరపకాయ బజ్జీలు, ఉప్పు పల్లీలు భోజనం కావు. అవి దాహాన్ని పెంచి గ్లాసును నింపిస్తాయి. పక్కన మంచినీళ్ళు ఉండాలి. రోజు తప్పించి రోజు కాదు, వారంలో చాలా రోజులు అసలు లేకుండా ఉండాలి. తిండి హానిని నెమ్మదింపజేస్తుందే గాని చెరిపివేయదని మరువవద్దు. రోజూ తాగి తాగి అలవాటయినవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు. డాక్టరు సలహాతో మానాలి.

ఉత్తరం రాసిన మిత్రులకు నా జవాబు ఇది. మీకు షుగరు మాత్రలున్నాయి, నొప్పి మాత్రలున్నాయి. ఆ సీసా మీకు వద్దు. కూరలో పోసి వండితే పోతుందిగదా అనుకోవద్దు. అరగంట ఉడికినా ఆల్కహాలులో మూడోవంతు కూరలోనే ఉంటుంది. అబ్బాయి ప్రేమతో తెచ్చాడు కనుక అతనికి కోపంగా చెప్పకండి. మీ మాత్రల చీటీ అతని చేతికి ఇచ్చి ఈ పేజీ చదివించండి. ఈసారి వచ్చేటప్పుడు సీసాకు బదులు ఇంట్లో చక్కెర చూసుకునే మిషను తెమ్మనండి. మిగిలిన ఆ స్ట్రిప్పులు, సూదులు మన ఊరి మందుల షాపులోనే దొరుకుతాయి గనుక, ఇక్కడ దొరికే రకమేదో కనుక్కొని చెప్పండి.

నాటుకోడి కూర తినండి; నూనె తగ్గించండి, తోలు తీసేయండి. దానికి జతగా చల్లటి మజ్జిగ పెట్టుకోండి. మన మిరప మంటను అణిచేది అదే. అందులోని కాల్షియం పేగుల్లో ఫ్లోరైడును కొంత పట్టుకొని ఒంట్లోకి ఎక్కనివ్వదు. మీ మాత్రలతో దానికి పేచీ లేదు. ఉప్పు మాత్రం చిటికెడుకు మించనివ్వకండి.